పశురోగ నివారణ – గ్రామ సమాజము – స్త్రీల స్థానము

పాడిపంటలు అను జంటపదములో మన పూర్వులు పాడిని ముందు నిలిపిరి. ఉత్తరాంధ్ర పల్లెలలో పశువులను సొమ్ములని పిలుచు అలవాటు కలదు. తెలంగాణములో గొఱ్ఱెలను, మేకలను జీవాలందురు. భాషలో ఇంతటి గౌరవము దక్కిన ఈ సంపద రోగము పాలైనపుడు ఊరిలో ఏమి జరుగుచున్నది, నష్టము ఎవరి తలపై పడుచున్నది, నివారణ ఎవరి వాకిటి వరకు వచ్చి ఆగిపోవుచున్నది అను విషయములను విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మేము పశువైద్యులము కాము. సాంఘిక శాస్త్రములను బోధించువారము. జాతీయ సేవా పథకము శిబిరములకై విద్యార్థులతో కూడి పల్లెలకు పోయినపుడు కన్నవానిని, పిదప చదివి తెలిసికొన్నవానితో కలిపి పాఠకుల ముందుంచుచున్నాము.

2019 సంవత్సరపు ఇరువదవ పశుగణన ప్రకారము మన దేశమునందలి పశుసంపద 53 కోట్ల 57 లక్షలు. గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణ సుమారు 1 కోటి 90 లక్షలతో దేశములో ప్రథమ స్థానమునను, ఆంధ్రప్రదేశ్ సుమారు 1 కోటి 76 లక్షలతో ద్వితీయ స్థానమునను నిలిచినవి. పెరటికోళ్లు దేశమంతట 31 కోట్ల 70 లక్షలుండగా, 2012 నాటి గణనకంటె ఇవి దాదాపు 46 శాతము పెరిగినవి. గణనలో కోడి లెక్కకు వచ్చినది, మేక లెక్కకు వచ్చినది. కాని వానికి తెల్లవారి గింజలు చల్లువారెవరు, సాయంకాలము గంప క్రింద మూయువారెవరు అని అడుగువారు తక్కువ. మా మాట అక్కడినుండియే ఆరంభించవలసి యున్నది.

కొంతకాలము క్రిందట ఫిబ్రవరి మాసములో ఒక గ్రామమున శిబిరము జరిపితిమి. విద్యార్థులు ఇల్లిల్లు తిరిగి కుటుంబ వివరములు వ్రాసికొనుచుండగా ఒక ఇంట పదునాలుగు నాటుకోళ్లు లెక్కకు వచ్చినవి. ఏప్రిలులో మరల పోయినపుడు ఆ ఇంట రెండు పెట్టలు మాత్రము మిగిలి యున్నవి. తక్కినవన్నియు నాలుగు దినములలో మెడలు మెలితిరిగి, పచ్చగా పారుకొని చచ్చినవి. మన ప్రాంతమున కొక్కెర తెగులు అందురే, ఆ రోగమే. విచిత్రమేమనగా మా శిబిరము జరిగిన నెలలోనే పశువైద్య సిబ్బంది ఆ ఊరికి వచ్చి గేదెలకు గాలికుంటు టీకాలు వేసి పోయిరి. ఊరంతయు చాటింపు వేసిరి. ఆ ఇంటి గేదెలకు కూడ టీకా పడినది. మరి కోళ్ల సంగతి ఏమైనదని మా విద్యార్థి ఒకడు ఆ ఇల్లాలిని అడిగెను.

"మా ఇంటాయనకు చెప్పిండ్రట బిడ్డా. ఆయన బర్లకు సూదులేపిచ్చిండు. కోళ్లు నావి గదా, నన్నెవ్వలడిగిండ్రు?" అని ఆమె బదులు చెప్పెను.

కోళ్లు నావి అను మాట చిన్నది కాదు. భూమి భర్త పేర, గేదెల ఋణము భర్త పేర, పాల సంఘములో సభ్యత్వము భర్త పేర నుండగా ఆ ఇల్లాలు ఎవరిని అడుగనక్కరలేకుండ అమ్ముకొనదగిన ఆస్తి ఆ పదునాలుగు కోళ్లే. ఆ సొమ్ముతోనే ఆమె కుమార్తె పరీక్ష రుసుము కట్టవలసి యుండినది. ఆ బాలిక మన విద్యార్థినియే. గడువు దాటిన వారి పేర్ల పట్టికను ప్రకటన ఫలకముపై అంటించినవారము మేమే. ఆ పేరునకును, ఆ గూటిలో చచ్చిన కోళ్లకును సంబంధమున్నదని ఆనాడు మాకు తోచలేదు.

ఈ రోగమునకు మన దేశములో రాణిఖేత్ వ్యాధి అని పేరు. 1920 దశకపు చివరి భాగమున కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో దీనిని గుర్తించుటచే ఆ పేరు వచ్చినది. ఇంగ్లండులో 1926లో న్యూకాసిల్ పట్టణము వద్ద కనబడుటచే ఇతర దేశములవారు న్యూకాసిల్ వ్యాధి అందురు. టీకా లేని కోళ్లలో ఇది ప్రబలినపుడు గూడు గూడంతయు తుడిచిపెట్టుకొని పోవును. టీకా ఉన్నది. చౌకయైనది కూడ. పిల్లలకు వారము వయస్సున లసోటా మందును కంటిలో ఒక చుక్క వేయుదురు. రెండు నెలల వయస్సు వచ్చిన పిదప రెక్క క్రింద సూది వేయుదురు. ఇంత సులభమైన ఉపాయముండగా ప్రతి వేసవిలోను పల్లెలలో ఇన్ని కోళ్లెందుకు చచ్చుచున్నవి? జనుల అజ్ఞానమువలన అని పలువురు తేలికగా చెప్పుదురు. మేమును మొదట అట్లే తలచితిమి.

టీకా సీసాను ఒకసారి చేతబట్టుకొని చూచిన గాని ఇందలి చిక్కు తెలియదు. ఒక సీసాలో నూరు కోళ్లకో, రెండు నూర్ల కోళ్లకో సరిపడు మందుండును. ఒక్కొక్క ఇంట కోళ్లు అయిదారు, మించినచో పదిపదునైదు. సీసా విప్పి కలిపిన పిదప రెండు మూడు గంటలలో వాడవలెను. లేనిచో నిష్ఫలము. ఎండ తగులరాదు, మంచు కరుగరాదు. అనగా ఇరువది ముప్పది ఇండ్లవారు ఒకే దినమున, ఒకే వేళకు తమ కోళ్లను పట్టి యుంచవలెను. కోడి తెల్లవారకముందు గూటిలో నుండును. ప్రొద్దెక్కిన పిదప పెంటకుప్పల పాలై ఎవరికిని చిక్కదు. మందు సీసా మండల కేంద్రమునుండి ఊరు చేరునప్పటికి పదునొకండు గంటలగును. ఆ వేళకు కోళ్లు వీధిలోను, కోళ్ల యజమానురాండ్రు మిరప చేలలో కూలిలోను ఉందురు. ఇంటనున్న మగవానికి పిలిచినచో వచ్చు గేదె తెలియును గాని, ఏ పెట్ట ఏ మూల పొదుగునో తెలియదు.

ఇది కాలమునకు సంబంధించిన చిక్కు. వీధికి సంబంధించిన చిక్కు మఱియొకటి కలదు. సీసాను ఎవరి వాకిట విప్పవలెను? సాధారణముగా ఊరి నడుమ, పెద్ద ఇంటి అరుగుపై విప్పుదురు. అచ్చటికి తమ కోళ్లను గంపలో పెట్టుకొని దళితవాడనుండి రాగల స్త్రీలెందరు? వాడ చివరి ఇంటికి సిబ్బంది నడచి పోవునప్పటికి మంచు కరగి యుండును, మందు పని చేయదు, కోళ్లు చచ్చును, టీకా వేసినను చచ్చినవను అపకీర్తి మాత్రము ఊరంత వ్యాపించును. ఘోషా పాటించు ఇండ్లలో కోళ్లు లోపలి పెరటిలో తిరుగును. టీకా వేయు పురుషుడు గడప దాటడు, ఇల్లాలు బయటికి రాదు. మా శిబిరములో ఉర్దూ విభాగపు విద్యార్థినులు లోపలికి పోయి లెక్క వ్రాసినందువలననే ఆ వీధిలో అన్ని కోళ్లున్నట్లు మాకు తెలిసినది. అంతకుముందు గ్రామ పెద్ద ఒకరు ఆ వీధివారు కోళ్లు పెంచరని మాతో నిశ్చయముగా చెప్పి యుండిరి!

ఈ సందర్భమున ముసర వ్యాధి చరిత్రను ఒకసారి స్మరింపవలెను. మన తాతలు పెద్ద జాడ్యమని వణకిన రోగమది. ఎద్దులు, గేదెలు వేలకు వేలు కూలినచో దున్నకములు నిలిచి, కరవు వెంటవచ్చెడిది. కుమావూ కొండలలోనే గల ముక్తేశ్వర్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్స్ అను శాస్త్రవేత్త 1920 దశకమున మేకలలో పెంచి బలహీనపరచిన క్రిమితో దీనికి టీకా సిద్ధము చేసెను. 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనది. 1992 తరువాత అది మఱింత పట్టుదలతో సాగినది. 2006లో భారతదేశము ఈ వ్యాధి సోకని దేశముగా గుర్తింపు పొందెను. 2011లో ప్రపంచమునుండియే ఇది నిర్మూలమైనట్లు ప్రకటించిరి. మానవులలో మశూచి తరువాత భూమిపై అంతరించిన రెండవ రోగమిదియే. మన పశువైద్యుల ఘనకార్యములలో దీనిని మించినది లేదు.

కాని ఈ విజయమునుండి అందరును ఒకే పాఠము నేర్చికొనిరి. మంచి టీకా, గట్టి ప్రభుత్వము ఉన్నచో చాలునని. ఆఫ్రికాలో ఇథియోపియాలోని అఫార్ ప్రాంతమునను, దక్షిణ సూడానులోను 1990 దశకమున ఏమి జరిగినదో చూచినచో పాఠము కొంత మారును. అచ్చట ప్రభుత్వ సిబ్బంది చేరలేని ఎడారులు, యుద్ధభూములు. వేడికి కొన్ని వారములపాటు నిలువగల టీకాను సిద్ధపరచి, పశువుల కాపరులలోనుండియే కొందరిని ఎన్నిక చేసి, వారికి శిక్షణ ఇచ్చి, వారి చేతనే టీకాలు వేయించిరి. రోగము చివరి స్థావరములు ఆ విధముగా కూలినవి. మందు మారినంత మాత్రమున కాలేదు, మందును పట్టుకొను చేయి కూడ మారినది.

మఱియొక భేదమును గమనింపవలెను. ముసర టీకా పడిన ఎద్దు దాదాపు జీవితాంతము రక్షణ పొందెడిది. ఎద్దు పది పన్నెండేండ్లు బ్రతుకును. ఒకసారి ఊరిమీద పడి టీకాలు వేసి పోయినచో కొన్నేండ్లు నిశ్చింత. కోడి అట్లు కాదు. మేక కూడ అట్లు కాదు. కోడి ఆయుర్దాయము మన పల్లెలలో ఏడాది, రెండేండ్లు. మేకల మందలో ఏటేటా పుట్టునవి, అమ్ముడుపోవునవి ఎక్కువ. నేడు టీకా వేసినను ఆరు నెలలు గడచునప్పటికి టీకా ఎరుగని క్రొత్త పిల్లలు గూటిని నింపును. అందుచేత ఈ చిన్న జీవముల రోగములను అరికట్టవలెనన్నచో ఏడాదిలో పలుమారులు ఇంటింటికి పోవలెను. దీర్ఘాయువు గల పశువు పురుషుని చేతిలోను, అల్పాయువు గల జీవము స్త్రీ చేతిలోను ఉన్న సమాజములో ఈ భేదము శాస్త్ర విషయము మాత్రమే కాదు. ఎవరి వాకిటికి పదే పదే పోవలెనో అచ్చటికే మన ఏర్పాటులు ఒక్కసారియైనను సరిగా పోవుటలేదు.

మేకల విషయమున పి.పి.ఆర్. అను పారుడు రోగము దీనికి నిదర్శనము. ఇది ముసర కుటుంబమునకు చెందిన క్రిమివలన వచ్చును. జ్వరము, ముక్కునుండి కళ్లనుండి చీమిడి, నోటిలో పుండ్లు, పిదప విరేచనములు, పిదప ఊపిరి ఆడక మరణము. మన దేశములో 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామమున దీనిని తొలిసారి నిర్ధారించిరి. స్వదేశములో తయారైన టీకా ఉన్నది. ఒక్క సూదితో మూడేండ్లకు తగ్గని రక్షణ లభించును. 2030 నాటికి దీనిని కూడ ముసరవలె ప్రపంచమునుండి తొలగింపవలెనని 2015లో అంతర్జాతీయ సంస్థలు సంకల్పించినవి.

గొఱ్ఱెల మందలకు ఈ టీకా కొంతవరకు అందుచున్నది. గొల్ల, కురుమ కులస్థులకు సంఘములున్నవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము డెబ్బదియైదు శాతము రాయితీపై ఇరువది గొఱ్ఱెలను, ఒక పొట్టేలును పంపిణీ చేసినపుడు కూడ ఆ సంఘముల ద్వారానే చేసినది. మంద ఒకచోట దొరకును, కాపరి పేరు పట్టికలో నుండును. అయినను మంద వలస పోయినపుడు చూలు గొఱ్ఱెలు, చిన్న పిల్లలు, కుంటివి ఇంటియొద్ద ఆడవారి సంరక్షణలో మిగులును. మందకు టీకా వేసి వచ్చిన సిబ్బంది ఇంటి వెనుకటి దొడ్డిలోని పది పిల్లలను చూడకపోవుట మేము కన్న విషయమే. ఇక రెండు మూడు మేకలు పెంచు ఒంటరి స్త్రీకి సంఘమే లేదు. ఆమె మేకలు ఏ మందలోను చేరవు. తుమ్మచెట్టు క్రింద కట్టివేసిన ఆ మూడు మేకలు ఏ పట్టికలోను కనబడవు.

అట్టి మేకకు జబ్బు చేసినపుడు ఆమె ఏమి చేయును? పశువైద్యశాల దూరము. ఆటో కిరాయి, మందుల ఖర్చు, ఒకనాటి కూలి నష్టము కలిసి మేక వెలలో ఎంత భాగమగునో ఆమె క్షణములో లెక్కించును. దళారి వాకిట నిలిచి సగము ధర ఇచ్చెదననును. ఆమె అమ్మివేయును. మరునాడు ఆ మేక సంతలో నిలుచును. బక్రీదుకు ముందు, జాతరలకు ముందు సంతలు నిండియుండు దినములలో అట్టి ఒక్క మేక ఎన్ని ఊళ్లకు రోగమును మోయునో ఊహింపవచ్చును. ఆమెను అజ్ఞానురాలని ఎవరనగలరు? ఆమె లెక్క తప్పు కాదు. తన ఇంటికి సరియైన లెక్క ఊరికి ముప్పు తెచ్చుటయే ఇందలి కష్టము. 2008 జనవరిలో పశ్చిమ బెంగాలులోని బీర్భూమ్ జిల్లాలో పక్షి జ్వరము వ్యాపించి ప్రభుత్వము పెరటికోళ్లను చంపించినపుడు ప్రజలు కోళ్లను దాచిపెట్టిరని పత్రికలు వ్రాసినవి. దాచుట ప్రమాదకరమే. కాని కోళ్లు ఒకరివియై, పరిహారము ఇంటి యజమాని చేతికి అందునపుడు, దాచిన చేయి ఎవరిదో, దాచుటకు కారణమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

గేదెల విషయమున స్త్రీలకు పనిలేదని పై మాటలవలన అపోహ కలుగరాదు. గడ్డి కోయుట, కుడితి పెట్టుట, పేడ ఎత్తుట, పాలు పితుకుట చాల ఇండ్లలో స్త్రీలవే. నెమరు ఆగినదని మొదట కనుగొనునది ఆమెయే. పాలలో చిన్న గడ్డ కనబడగానే పొదుగువాపు వచ్చినదని గుర్తించునది పితుకు చేయియే. కాని డాక్టరునకు ఫోను చేయునది, లక్షణములు చెప్పునది భర్త. ఎన్ని దినములనుండి మేత తినలేదని డాక్టరు అడిగినచో అతడు లోపలికి తిరిగి భార్యను అడుగును!

ఇచట మనుష్యుల ఆరోగ్యమునకు కూడ సంబంధించిన విషయమొకటి కలదు. ఈసుడు రోగము, అనగా బ్రూసెల్లోసిస్, సోకిన గేదె నెలలు నిండకుండ ఈసుకొని పోవును. ఆ సమయమున మాయ తీసి, దూడను తుడిచి, కొట్టము కడుగునది తరచుగా ఆ ఇంటి స్త్రీ. వట్టి చేతులతోనే చేయును. రోగక్రిమి చేతి గీతల గుండ, పచ్చిపాల ద్వారా మనిషికి సోకును. వచ్చి పోవుచుండు జ్వరము, చెమటలు, కీళ్లనొప్పులు నెలల తరబడి వేధించును. ఆమె ఊరి వైద్యునియొద్దకు పోయి జ్వరపు మాత్రలు మ్రింగుచుండును. పశువైద్యుడు ఇంట ఎవరికైన జ్వరమున్నదా అని అడుగడు. మనుష్యుల వైద్యుడు మీ గేదె ఈసుకొనెనా అని అడుగడు. 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమములో నాలుగు నుండి ఎనిమిది నెలల వయస్సు గల పెయ్యదూడలన్నిటికి ఒకసారి ఈ రోగపు టీకా వేయు నిర్ణయము చేసిరి. హర్షింపదగినదే. ఆ టీకాతో పాటు ఆ ఇల్లాలి చేతికి ఒక జత రబ్బరు తొడుగులు కూడ అందినచో మేము మఱింత హర్షింతుము.

దారి లేకపోలేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన స్ప్రాడ్‌బ్రో అను ఆచార్యుడు వేడిని కొంత తట్టుకొను కొక్కెర టీకాను అభివృద్ధి చేసి, దానిని పేద దేశములు స్వయముగా తయారు చేసికొనుటకు అందించెను. మొజాంబిక్, టాంజానియా దేశములలో దీనిని గ్రామస్థులచేతనే, ముఖ్యముగా స్త్రీలకు శిక్షణ ఇచ్చి, నాలుగు నెలలకొకసారి కంటిచుక్కగా వేయించిరి. కోడికి ఇంతయని స్వల్ప రుసుము తీసికొని, వేసినవారికి అందులో కొంత ముట్టజెప్పిరి. సూది లేదు కాన భయము లేదు. పొరుగింటి స్త్రీయే కాన గడప అడ్డము కాదు. తెల్లవారుజామున గూడు తెరువకముందే పని ముగియును.

మన రాష్ట్రములలో గోపాలమిత్రలు చాలకాలమునుండి ఉన్నారు. వారిలో పురుషులే మిక్కిలి. ఇటీవల స్వయం సహాయక సంఘముల స్త్రీలకు పశుమిత్రలుగా శిక్షణ ఇచ్చుచున్నారు. కేంద్ర ప్రభుత్వము కూడ 2022లో ఇట్టి పథకమొకటి చేపట్టినది. ములుకనూరులో స్త్రీలే సభ్యులుగా పాల సహకార సంఘము నడుపుచున్నారు. పాల లెక్క స్త్రీ పేర వ్రాయబడుట చిన్న మార్పు కాదు. అయినను మాకు రెండు సందేహములున్నవి. మొదటిది, ఇంటి చాకిరికి తోడు ఊరి కోళ్లకు టీకాలు వేయు బాధ్యతను కూడ సేవ పేరిట ఉచితముగా స్త్రీలపై మోపుదురేమో. రెండవది, కోళ్లు చావక మిగిలి, నాలుగు డబ్బులు రాదొడగినపుడు అవి ఇంకను ఆమె కోళ్లుగానే ఉండునా? పాడి లాభసాటి కాగానే పాల డబ్బు చేతులు మారిన ఇండ్లు మాకు తెలియును. ఈ రెండవ సందేహమునకు పశువైద్యములో మందు లేదు.

కళాశాల పాలకవర్గమునకు మాదొక మనవి. జాతీయ సేవా పథకము శిబిరమును ప్రతి సంవత్సరము రోడ్లు ఊడ్చుటతోను, మొక్కలు నాటుటతోను ముగించుచున్నాము. ఆ మొక్కలలో ఎన్ని బ్రతికినవో లెక్క చూడలేదు. ఈ పర్యాయము జనవరి చివరి వారమున, వేసవి రాకముందే, ఆ గ్రామములో కొక్కెర టీకాకు ఇండ్ల పట్టిక సిద్ధము చేయుట మన పనిగా పెట్టుకొనుచున్నాము. టీకా పశువైద్య సిబ్బందిదే. ఏ ఇంట ఎన్ని కోళ్లు, ఇల్లాలు ఏ వేళకు ఇంటనుండును అను వివరములు మన విద్యార్థినులు తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఇచ్చెదరు. సీసాను మొదట దళితవాడలో విప్పవలెనని, అక్కడినుండి ఊరి నడుమకు రావలెనని సిబ్బందిని కోరితిమి. వారు అంగీకరించిరి. తెల్లవారి అయిదు గంటలకు రమ్మనుటకు మాత్రము కొంత సంకోచించి, ఆరుకు ఒప్పుకొనిరి.

ఇంతవరకు ముప్పదియొక్క ఇండ్లు పేర్లు ఇచ్చినవి. ఆ ఇల్లాలు తన రెండు పెట్టలలో ఒకదానిని పొదుగ వేసినది. పిల్లలు లేచిన దినము వ్రాసి యుంచుమని ఆమె కుమార్తెకు చెప్పితిమి. వారము దినములకు తొలి చుక్క వేయవలసి యున్నది.